మేస్త్రి తెచ్చిన కూలీలకి లైసెన్స్ ఎవరు తీసుకోవాలి?

ప్రశ్న: గుంటూరులో మాకు చిన్న కోల్డ్ స్టోరేజ్ ఉంది, వెనకాల షెడ్‌లో మిర్చి తొడిమలు తీయిస్తాం. సొంత స్టాఫ్ 9 మంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మేస్త్రి ఒక 40 మందిని తెస్తాడు, రష్ ఉన్న రోజు 60 అవుతారు, అందులో 12 మంది హమాలీలు ఒడిశా వాళ్ళు. మొన్న లేబర్ ఆఫీసు నుంచి వచ్చి లైసెన్స్ ఏదన్నారు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ చూపిస్తే ఇది కాదన్నారు. డబ్బులన్నీ మేస్త్రికే ఇస్తాను కదా, మధ్యలో నాకేంటి సంబంధం?

జవాబు: ట్రేడ్ లైసెన్స్ అంటే ఆ చోట వ్యాపారం చేసుకోడానికి కార్పొరేషన్ ఇచ్చే పర్మిషన్ అండి, లోపల పనిచేసే మనుషులకీ దానికీ లింక్ లేదు. లేబర్ ఆఫీసు వాళ్ళు అడిగింది కాంట్రాక్ట్ లేబర్ లైసెన్స్, అంటే కూలీలని తెచ్చి పని చేయించే కాంట్రాక్టర్‌కి ఉండాల్సింది. చట్టం దృష్టిలో ఇక్కడ కాంట్రాక్టర్ అంటే మీ మేస్త్రే. అది తీసుకోవాల్సింది మీ మేస్త్రి, మీరు కాదు. కాకపోతే అతను తీసుకోకపోతే చుట్టుకునేది మాత్రం మీ మెడకే, ఈ ముక్క తెలియకే చాలామంది ఓనర్లు ఇరుక్కుంటున్నారు.

ఇన్నేళ్ళూ 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం ఉండేది, అందులో 20 మంది కాంట్రాక్ట్ కూలీలు ఉంటే లైసెన్స్ కావాలి, రాష్ట్రం ఆ లెక్కని కావాలంటే ఇంకా తగ్గించుకోవచ్చు. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఇప్పుడు వాటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఆ లెక్క 50. హమ్మయ్య మా దగ్గర మామూలుగా 40 మందే కదా అనుకోకండి. చట్టం సగటు చూడదు, గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజైనా 50 మంది కాంట్రాక్ట్ వాళ్ళు ఉన్నారా అనే చూస్తుంది. మీరే 60 అవుతారని రాశారు, అయిపోయింది.

సీజన్ పనే కదా, ఎప్పుడో ఒకప్పుడు వచ్చే పనికి ఈ రూల్స్ ఉండవట కదా అని కొందరు చెప్తారు. అది సగమే నిజం. అప్పుడప్పుడు జరిగే పనికి మినహాయింపు ఉంది, కానీ సీజన్ పని ఏడాదిలో 60 రోజులు దాటితే అది అప్పుడప్పుడు జరిగే పని కిందకి రాదని చట్టంలోనే రాశారు. మీది నాలుగు నెలలు.

ఇంకో చిక్కు, మీరు అడగలేదు గానీ చెప్పాలి. కాంట్రాక్ట్ వాళ్ళు 50 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న చోట ముఖ్యమైన పనిని, అంటే ఏ పని కోసం ఆ సంస్థ పెట్టారో ఆ పనిని, కాంట్రాక్ట్‌కి ఇవ్వడం నిషేధం. ఎత్తుడు దింపుడు, వాచ్‌మెన్, క్లీనింగ్ లాంటివి ఇందులోకి రావు, కాబట్టి హమాలీల విషయంలో మీకు పెద్ద ఇబ్బంది లేదు. తొడిమలు తీసే పని మాత్రం మీ షెడ్‌కి ముఖ్యమైన పనే అని ఆఫీసర్ అనొచ్చు. మామూలుగా ఆ పని కాంట్రాక్టర్ల ద్వారానే జరుగుతూ ఉన్నా, లేదా ఉన్నట్టుండి పని పెరిగినా మినహాయింపు ఉంది, వాదించుకోవచ్చు. నన్నడిగితే వాదన దాకా ఎందుకు, తొడిమల ఆడవాళ్ళని మీరే నేరుగా పెట్టుకోండి, మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) మీ పేరు మీద రాయండి, జీతం వాళ్ళ అకౌంట్‌లోనే వేయండి. అప్పుడు కాంట్రాక్ట్ లెక్కలో హమాలీలే మిగులుతారు. అయితే ఈ సీజన్‌లో 60 అయిన రోజు ఉంటే అది 12 నెలల పాటు వెంటాడుతుంది, కాబట్టి ఈలోపు మేస్త్రికి లైసెన్స్ తప్పదు. ఒకసారి వస్తే ఐదేళ్ళు ఉంటుంది.

లైసెన్స్ లేని మేస్త్రి దగ్గర మనుషుల్ని పెట్టుకుంటే వాళ్ళు మీ ఉద్యోగులే అన్నట్టు చట్టం చూస్తుంది. జరిమానా 2 లక్షల నుంచి 3 లక్షల దాకా పోవచ్చు.

అసలు నాకు లైసెన్స్ కన్నా మీ ఆఖరి మాట దగ్గరే భయమేసింది, డబ్బులన్నీ మేస్త్రికే ఇస్తాను అన్నారు చూడండి, అది. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ఓనర్ పైసాతో సహా మేస్త్రికి కట్టేశాడు, మేస్త్రి ఫోన్ ఆపేసి వెళ్ళిపోయాడు, పాతిక మంది ఆడవాళ్ళు పిల్లల్ని వేసుకుని గేటు ముందు రెండు రోజులు కూర్చున్నారు. ఓనర్ మళ్ళీ కట్టాల్సి వచ్చింది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టి తీరాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి, పాత చట్టంలోనూ ఇదే, కొత్తదాంట్లోనూ ఇదే. ఎండలో మిర్చి ఘాటులో కూర్చుని కళ్ళు మండుతుంటే చేసిన పని అండి అది, వాళ్ళకి రూపాయి కూడా ఆగకూడదు. రోజు కూలీ అయితే షిఫ్ట్ అయిపోయేటప్పటికే ఇవ్వాలి.

కోల్డ్ స్టోరేజ్ చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ కిందకే వస్తుంది, కరెంటుతో నడిచేచోట 20 మంది పనిచేస్తే చాలు, మీ 9 మందికి మేస్త్రి మనుషులు కలిస్తే ఎప్పుడో దాటేశారు, ఫ్యాక్టరీ లైసెన్స్ ఉందో లేదో చూసుకోండి. ఇఎస్ఐకి (కార్మికుల వైద్య బీమాకి) 10 మంది, పీఎఫ్‌కి 20 మంది లెక్క, అందులోనూ కాంట్రాక్ట్ వాళ్ళు కలుస్తారు. ఇఎస్ఐ కడితే బస్తా జారి హమాలీ నడుం విరిగినా ఆసుపత్రి, పరిహారం అన్నీ అక్కడే దొరుకుతాయి, కట్టకపోతే ఆ భారం మీమీదకే వస్తుంది, ఆ మనిషి బతుకు కూడా ఆగిపోతుంది.

ఒడిశా వాళ్ళు 12 మంది అన్నారు, వేరే రాష్ట్రం వాళ్ళు 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వలస కార్మికుల రూల్స్ కూడా వర్తిస్తాయి, సొంతూరుకి రానుపోను ఛార్జీలు ఇవ్వాలి.

ఇప్పుడైతే మేస్త్రి ఆధార్, మీ ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందం (లేకపోతే ఈ రోజే రాసుకోండి), కూలీల పేర్ల లిస్ట్, ఏ రోజు ఎంతమంది వచ్చారో చెప్పే మస్టర్, ఇవి పట్టుకుని మేస్త్రిని కూడా వెంటబెట్టుకుని అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసుకి వెళ్ళండి. నోటీసు ఇచ్చి ఉంటే దానికి రాతలోనే జవాబివ్వండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. పాత తేదీలు వేసి మస్టర్ తయారు చేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.