ఎడమామేను కందికాయ అనుకొని వండు

బిడ్డా,

ఎడమామే ప్యాకెట్ తెచ్చుకొని వండితే చప్పగా ఉందని నిన్న ఫోన్‌లో అన్నావు. మసాలా ఎక్కువ వేస్తే బాగుంటుందా అని అడిగావు. మసాలాతో పనిలేదు, నీళ్లలో ఉప్పు సరిపోలేదంతే.

అవి పచ్చి సోయా కాయలు. ఆదిలాబాద్, నిజామాబాద్ దిక్కు వేసే సోయానే, కాకపోతే గింజ ఎండకముందే కోస్తారు, అందుకు లావు గింజ రకాలు వేరే ఉంటాయి. జపాన్ భాషలో ఎడ అంటే కొమ్మ, మామే అంటే గింజ. సంక్రాంతి ముందర మనం చేనుకాడ కందికాయలు ఉడకబెట్టుకొని కూర్చుంటామే, అవి వాళ్లకు అట్లాంటివే. నువ్వూ కందికాయ అనుకొనే వండు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. కందికాయలను చెట్టు మీది నుంచి తెంపి పచ్చిగానే నములుతాం, సోయాను అట్లా తినొద్దు. మాంసకృత్తులను సరిగా అరగనియ్యని గుణం పచ్చి సోయాలో ఉంటుంది, ఉడికితేనే అది తగ్గుతుంది. పైపొట్టు కూడా తినేది కాదు.

పావుకిలో కాయలకు లీటరు నీళ్లు పెట్టు. అందులో రెండు పెద్ద చెంచాల ఉప్పు వెయ్. ఎక్కువనిపిస్తుంది గానీ చాలామటుకు పారబోసే నీళ్లతోనే పోతుంది. తాజా కాయలైతే రెండు కొనలూ కత్తెరతో కొంచెం కత్తిరించు, ఉప్పు లోపలికి పోయేది ఆ సందులోంచే. నీళ్లు తెర్లినంక కాయలు వెయ్, మూత పెట్టకు. ఫ్రిజ్ ప్యాకెట్‌లోవి ముందే కొంత ఉడికినవి, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే వెయ్, నాలుగైదు నిమిషాలు చాలు. తాజావి ఐదారు నిమిషాలు. గడియారం కన్నా నీ నోరు నమ్ము. మూడో నిమిషం దాటినంక ఒక గింజ కొరికి చూడు. మెత్తబడాలి, కానీ పంటికి కొంచెం తగలాలి.

నేను మొదటిసారి కుక్కర్‌లో వేసి మూడు విజిల్స్ రానిచ్చిన. మూత తీస్తే ఆకుపచ్చ రంగంతా పోయి పాచిరంగు, గింజ వేలికి అంటుకునేంత మెత్తన. ఇంట్లో ఎవరూ ముట్టలేదు. వంచినంక చన్నీళ్లలో ముంచకు, ఉప్పంతా కడుక్కుపోతుంది. పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద పెట్టు.

ఇక కారం. రెండు ఎండుమిరపకాయలు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, చిటికెడు జిలకర రోట్లో బరకగా దంచు. మెత్తగా చేయకు. అర చెంచా నూనెలో ఒక్క నిమిషం వేడిచేసి, వేడివేడి కాయల మీద వేసి కలుపు. ఇందులో మళ్లీ ఉప్పు వద్దు. కాయను పంటితో లాగినప్పుడు పైకారం ముందు పెదవికి తగులుతుంది, ఆ వెంటనే తియ్యటి గింజ నోట్లోకి జారుతుంది. నాకు ఇదే ఇష్టం. ఆఫీస్‌కు డబ్బాలో పెట్టుకుపోవాలంటే గింజలు ఒలుచుకొని, ఉల్లిగడ్డ, కరివేపాకు తాలింపుతో గుడాల లెక్క చేసుకో. నిమ్మరసం పొయ్యి ఆపినంకనే పిండాలి, ముందే వేస్తే రంగు పోతుంది. వేయించిన నువ్వుల పొడి చల్లినా బాగుంటుంది.

ఉడికిన గింజలు వంద గ్రాములు తింటే సుమారు 11, 12 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, పీచు 5 గ్రాముల దాకా. సాయంత్రం మిర్చిబజ్జీల బండి దగ్గర ఆగే అలవాటు నీకుంది కాబట్టి ఈ లెక్క చెప్తున్నా. పావుకిలో కాయల్లో సగం పొట్టుకే పోతుందని కూడా చూసుకో.

మీ అమ్మకు పెట్టేటప్పుడు ఒక మాట. ఆమె పొద్దున థైరాయిడ్ గోలీ వేసుకుంటుంది, సోయా దాన్ని ఒంటికి సరిగా పట్టనియ్యదు. గోలీకి, దీనికి కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి, డాక్టర్‌ను కూడా ఒకసారి అడగమను. బీపీ ఉన్న మీ నాన్నకు నీళ్లలో ఉప్పు సగం చెయ్, కారంలో కొంచెం నిమ్మరసం కలుపు, లోటు తెలియదు.

ఈ ఆదివారం నీళ్లు పొయ్యి మీద పెట్టినప్పుడు ఫోన్ చెయ్, గింజ కొరికి ఎట్లుందో చెప్పు.

మీ పెద్దమ్మ,
మహబూబ్‌నగర్