కొన్న వెండి నాణేల్లో ఒకటి నకిలీదైతే?

ప్రశ్న: నేను తిరుపతిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. వన్యప్రాణుల బొమ్మలున్న వెండి నాణేలు సేకరిస్తుంటాను. ఐదు నెలల కిందట చెన్నైలోని ఒక వ్యాపారి వెబ్‌సైట్‌లో కెనడా ఐదు డాలర్ల నాణేలు ఆరు (తోడేలు, గ్రిజ్లీ ఎలుగుబంటి, కూగర్, మూస్, ప్రాంగ్‌హార్న్, బైసన్) సెట్టుగా రూ.66,000కు కొన్నాను. ఐదు నాణేలు 31.1 గ్రాముల చొప్పున తూగాయి. కూగర్ నాణెం మాత్రం 26.5 గ్రాములే ఉంది. మూస్ నాణెం మీద తెల్ల మచ్చలు వచ్చాయి. అడిగితే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీదే ఉందంటున్నాడు. విదేశీ డబ్బు ఇంట్లో పెట్టుకోవడమే నేరమని మావాళ్లు భయపెడుతున్నారు. టొరంటోలో మూడేళ్లుగా ఉంటున్న మా అల్లుడు సంక్రాంతికి వస్తూ ఇంకో పాతిక నాణేలు తెస్తానంటున్నాడు. ఇక్కడే ఒకాయన పులిగోరు పొదిగిన వెండి నాణెం ఎర్రచందనం పెట్టెలో పెట్టి ఇస్తానంటున్నాడు. కొన్ని నాణేలు తర్వాత అమ్మితే పన్ను ఉంటుందా? నన్నేం చేయమంటారు?

జవాబు: ముందు మీవాళ్ల భయం సంగతి. విదేశీ నోట్లు దగ్గర ఉంచుకోవడానికి పరిమితి ఉంది గానీ, విదేశీ నాణేలకు లేదు. విదేశీ మారకద్రవ్య వ్యవహారాలను చూసే ఫెమా చట్టం కింద రిజర్వ్ బ్యాంకు 2015లో ఇచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ నాణేలను ఎవరైనా, ఎన్నైనా ఉంచుకోవచ్చు. పైగా మీరు వాటిని ఇక్కడి వ్యాపారి దగ్గర రూపాయల్లో, బిల్లు మీద కొన్నారు. మీ సేకరణలో తప్పేమీ లేదు.

ఇక కూగర్ నాణెం. మీ దగ్గరున్నవి కెనడా టంకశాల 2011 నుంచి 2013 వరకు ఏడాదికి రెండు చొప్పున తెచ్చిన ఆరు నాణేల వరుస. ఒక్కోటి ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. వ్యాసం 38 మిల్లీమీటర్లు. ఒకవైపు రాణి ఎలిజబెత్ బొమ్మ, ఐదు డాలర్ల విలువ, ఏడాది ఉంటాయి. రెండోవైపు జంతువు, దాని చుట్టూ 9999 స్వచ్ఛత ముద్ర ఉంటాయి. ఇలాంటి నాణేల్లో నాలుగున్నర గ్రాముల తేడా రావడం ఏ టంకశాల పొరపాటుతోనూ జరిగే పని కాదు. వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. 31.1 గ్రాముల వెండి నాణెం ఎంత చోటు పడుతుందో అంతే చోటులో రాగి పోస్తే సుమారు 26.6 గ్రాములు తూగుతుంది. మీ నాణెం దాదాపు ఆ బరువే ఉంది. రాగి బిళ్ల మీద వెండి పూత వేశారని నా అనుమానం.

మిగతా ఐదింటి బరువు సరిపోయిందని అక్కడితో వదిలేయకండి. కొందరు నకిలీ నాణేన్ని కాస్త మందం చేసి బరువు కలుపుతారు. దీనికి నీటి పరీక్ష చాలు. గ్రాములో నూరో వంతు చూపే త్రాసు మీద ఆర్వో నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. అసలు నాణేనికి త్రాసు 2.96 లేదా 2.97 చూపాలి. 3.3 దాటిందంటే లోపల వెండి కాదు. తీశాక రుద్దకుండా మెత్తటి బట్టతో అద్ది ఆరనివ్వండి. ఈ పరీక్ష ఆ ఐదింటికే చేయండి. కూగర్ నాణేన్ని మాత్రం ఇక ముట్టుకోవద్దు.

మూస్ మీది తెల్ల మచ్చలను ఈ గొడవలో కలపకండి. వాటిని మిల్క్ స్పాట్స్ అంటారు. స్వచ్ఛమైన వెండి నాణేల మీద, అందులోనూ ఆ ఏళ్ల కెనడా నాణేల మీద ఇవి మామూలే. 2018 నుంచి వాళ్ల టంకశాల ఈ మచ్చలు రాకుండా ప్రత్యేక పద్ధతి వాడుతోంది. అవి నకిలీకి గుర్తు కావు. నోటీసులో వాటిని కూడా రాస్తే, ‘ఈయనకు నాణేల సంగతి తెలియదు’ అని అవతలి వకీలు అదే పట్టుకుంటాడు. ‘మచ్చ లేని నాణెం’ అని వ్యాపారి ప్రకటనలోనే ఉంటే అది వేరే మాట.

ఇలాంటి కేసులు ఎక్కువగా సాక్ష్యం దగ్గరే చెడిపోతాయి. నాణెం మీద అనుమానం రాగానే చాలామంది తెలిసిన కంసాలి దగ్గరికి వెళతారు. ఆయన గీటురాయి మీద గీస్తాడు, అంచున ఆకురాయి పెడతాడు, యాసిడ్ చుక్క వేస్తాడు. లోపల రాగి బయటపడుతుంది, మీ అనుమానమూ తీరుతుంది. కానీ రేపు వ్యాపారి ‘నేను పంపిన నాణెం మీద గీత లేదు, ఇది నాది కాదు’ అంటే మీ దగ్గర సమాధానం ఉండదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ ప్రకారం, వస్తువులో లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే వినియోగదారుల కమిషనే దాన్ని సీలు చేసి ప్రయోగశాలకు పంపుతుంది. నివేదిక 45 రోజుల్లో రావాలి. పరీక్ష ఫీజు ముందుగా మీరు కట్టాలి. ఆ సీలు కిందికి వెళ్లే నాణెం మీకు వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లోని ఎక్స్‌రే యంత్రం గీత పడకుండానే చూస్తుంది గానీ, అది పైపొరనే చదువుతుంది. పూత మందంగా ఉంటే రాగిని కూడా వెండి అనే చూపించవచ్చు. అనుకూలంగా వచ్చిన ఆ కాగితాన్ని వ్యాపారి తన వైపు వాడుకుంటాడు.

అందుకని ఈ వారంలో చేయాల్సినవి చెబుతాను. వ్యాపారి వెబ్‌సైట్‌లో ఆ సెట్టు ప్రకటన ఇంకా ఉంటే, తీసేయకముందే పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీయండి. ‘ఒరిజినల్’, ‘9999 ఫైన్ సిల్వర్’, ‘ఒక ఔన్స్’ అన్న మాటలు కనపడాలి. బిల్లు, యూపీఐ లావాదేవీ నంబరు, కొరియర్ కవరు, దాని మీది చీటీ, వాట్సాప్ సంభాషణ ఒకచోట పెట్టండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న త్రాసు గల నగల దుకాణంలో, మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయించండి: ముందు త్రాసు మీద సున్నా, తర్వాత తెలిసిన తూకపు రాయి, ఆ తర్వాత ఆరు నాణేలూ ఒకదాని వెంట ఒకటి. దుకాణం చీటీ మీద తేదీ, బరువు రాయించుకోండి. ఆ వీడియోను, స్క్రీన్‌షాట్లను కోర్టు ముందు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫోను మార్చినా అసలు ఫైలు పోకుండా చూసుకోండి.

తర్వాత నోటీసు. డెలివరీ రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపండి. ఏ తేదీన ఏ వర్ణనతో అమ్మారో, ఏ నాణెం ఎంత తూగిందో రాసి, 15 రోజుల గడువు ఇవ్వండి. సెట్టుగా అమ్మారు కాబట్టి మొత్తం రూ.66,000 వాపసు అడగండి, ప్రత్యామ్నాయంగా అసలు కూగర్ నాణెం, ఖర్చులు అడగండి. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం ఆన్‌లైన్ వ్యాపారి ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి నోటీసు ఒక ప్రతి ఆ అధికారి పేరు మీద కూడా పంపండి.

‘వాపసు లేదు’ అన్న ముద్ర మిమ్మల్ని కట్టేయలేదు. బాగున్న సరుకు మీద మనసు మారితే ఆ షరతు పనిచేస్తుందేమో గానీ, వెండి అని చెప్పి రాగి ఇచ్చినప్పుడు చెల్లదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని మొండికేయడాన్నే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది.

గడువులో స్పందన రాకపోతే చెన్నైకి తిరగనక్కర్లేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది, తిరుపతిలో జిల్లా కమిషన్ ఉంది. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఒక్క జాగ్రత్త: తిరిగి అమ్మి లాభం చేసుకోవడానికి కొన్నవాడు ఈ చట్టం కింద వినియోగదారుడు కాడు. మీరు సేకరణ కోసమే కొన్నారు కాబట్టి ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా రాయండి. మీకు అమ్మింది వ్యాపారి కాక, మీలాంటి మరో సేకర్త తన నాణెం ఒక్కసారి అమ్మి ఉంటే మాత్రం కమిషన్ కంటే సివిల్ కోర్టే దారి. వర్ణనకు తగ్గ సరుకు ఇవ్వాలనే 1930 నాటి వస్తు విక్రయ చట్టం అక్కడ పనికొస్తుంది, గడువు మూడేళ్లు.

పోలీసుల దగ్గరికి ఇప్పుడే వెళ్లమని చెప్పను. మోసానికి భారతీయ న్యాయ సంహిత 318(4) ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష. కానీ మోసం చేయాలన్న ఉద్దేశం అమ్మేనాటికే ఉందని చూపాలి. ఆరింట ఐదు అసలువైతే, ‘నన్నూ ఎవరో మోసం చేశారు’ అనే అవకాశం వ్యాపారికి ఉంటుంది. మిగతా ఐదింట్లో ఇంకోటి కూడా నీటి పరీక్షలో తేలిపోతే మాత్రం ఆ వాదన నిలవదు. అప్పుడు ఆగకండి.

మీ వైపు నుంచి ఒకటి గట్టిగా చెప్పాలి. ఆ కూగర్ నాణేన్ని ఇంకెవరికీ అంటగట్టకండి. నకిలీ అని తెలిసీ అసలుదిగా చలామణి చేస్తే అదే న్యాయ సంహితలోని 179, ఆ ఉద్దేశంతో దగ్గర ఉంచుకుంటే 180 సెక్షన్ల మాట వస్తుంది. ఆ సెక్షన్లలో నాణెం అంటే మన రూపాయి ఒక్కటే కాదు, ఏ సార్వభౌమ ప్రభుత్వమైనా డబ్బుగా జారీ చేసినది అందులోకి వస్తుంది. ఇలాంటి వెండి నాణెం డబ్బుగా వాడుకలో ఉందా అని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీ ఖర్చుతో ఎందుకు జరగాలి? న్యాయమైన మార్గంలో వచ్చిందని రుజువైతే నేరం కాదని 180 వివరణలోనే ఉంది. మీ బిల్లే ఆ రుజువు.

అల్లుడి విషయంలో చాలామంది పొరబడేది డ్యూటీ ఫ్రీ పరిమితి దగ్గర. ఆభరణాలు కాని వెండి, అంటే నాణేలు, బిళ్లలు, కడ్డీలు ఆ ఉచిత పరిమితిలోకి రానే రావు. ఒక్క నాణెమైనా చెన్నై విమానాశ్రయంలో రెడ్ ఛానల్‌కు వెళ్లి డిక్లేర్ చేయాల్సిందే. పాతిక నాణేలంటే సుమారు 778 గ్రాములు. ఆర్నెల్లకు మించి విదేశంలో ఉండి వస్తున్నవారికి 10 కిలోల వరకు వెండి మీద రాయితీ సుంకం ఉంది. అది విదేశీ కరెన్సీలో కట్టాలి. ఈ ఆర్నెల్లలో మధ్యలో ఇండియాకు వచ్చి వెళ్లిన రోజులు మొత్తం 30 దాటకూడదు. పోయిన దసరాకు వచ్చి నెలన్నర ఉండి ఉంటే ముందే లెక్క చూసుకోమనండి, అర్హత లేకపోతే సుంకం చాలా ఎక్కువ పడుతుంది. రేటు బడ్జెట్లతో మారుతుంది కాబట్టి టికెట్ కొనే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్ చూడాలి. టంకశాల లేదా డీలర్ ఇచ్చిన బిల్లు చేతిసంచీలో ఉండాలి. సుంకం మరీ భారమనిపిస్తే, నిజాయితీగా డిక్లేర్ చేసినవాటిని కస్టమ్స్ దగ్గరే ఉంచి తిరుగు ప్రయాణంలో తీసుకెళ్లే వీలు కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్‌లో ఉంది. దాచి గ్రీన్ ఛానల్ దాటబోతే నాణేలు జప్తు, పైన జరిమానా. ఇక ఆయన పోస్టులోనో కొరియర్‌లోనో పంపితే ప్రయాణికుల రాయితీ వర్తించదు.

పులిగోరు సంగతికి సందేహమే అక్కర్లేదు, వద్దు. ఏ ప్రభుత్వ టంకశాలా నాణేనికి గోరు పొదగదు. పులి సంరక్షణ పథకానికి 50 ఏళ్లు నిండినప్పుడు మన ప్రభుత్వం 2023 ఏప్రిల్ 9న మైసూరులో 50 రూపాయల స్మారక నాణెం విడుదల చేసింది. పులి మీద ఇష్టముంటే అలాంటిది టంకశాల నుంచే తెప్పించుకోండి. గోరు నిజమైనదైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలు నేరం. మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల దాకా జైలు, కనీసం రూ.25,000 జరిమానా. ఇక్కడ రుజువు భారం తిరగబడుతుంది: మీ దగ్గర దొరికితే అది అక్రమమేనన్న అంచనాతోనే 57వ సెక్షన్ మొదలవుతుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. గోరు ప్లాస్టిక్‌దని తేలేదాకా మీరు అటవీశాఖ ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఎర్రచందనం పెట్టె కూడా అంతే ప్రమాదం. శేషాచలం కింద బతికేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అటవీశాఖ వేలం కాగితం, రవాణా పర్మిట్ లేని దుంగైనా, దానితో చేసిన పెట్టైనా మీ ఇంట్లో కనపడితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. నాణేనికి 38 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ క్యాప్సూల్, దాన్ని పెట్టుకోవడానికి మామూలు టేకు పెట్టె చాలు. పీవీసీ కవర్లలో మాత్రం ఉంచకండి, కొన్నాళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది.

చివరిగా పన్ను. ‘ఇవి నా సొంత వాడుక వస్తువులు, లాభం మీద పన్ను లేదు’ అన్న వాదన నాణేలకు సుప్రీంకోర్టులో 1976లోనే వీగిపోయింది. రాణా హేమంత్ సింగ్‌జీ కేసులో పూజలో పెట్టే వెండి రూపాయలను కూడా సొంత వాడుక వస్తువులుగా ఒప్పుకోలేదు. ప్రస్తుత నిబంధనల ప్రకారం రెండేళ్లకు మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం, సెస్సు అదనం. అంతకంటే ముందే అమ్మితే మీ స్లాబు ప్రకారం. అల్లుడు తెచ్చే పాతికా ఆయనే మీకు బహుమతిగా ఇస్తే, మీరు అమ్మేటప్పుడు ఆయన కొన్న ధరే మీ కొనుగోలు ధర అవుతుంది. కెనడా బిల్లును, కస్టమ్స్ రసీదును ఆయన వెనక్కి వెళ్లేలోపే తీసుకుని మీ కూగర్ ఫైలు పక్కన పెట్టుకోండి.