బ్లాక్ హోల్స్ ఢీకొన్నప్పుడు వచ్చే గురుత్వ తరంగాలతో ఐన్‌స్టీన్ సిద్ధాంతం కరెక్టో కాదో ఎలా తేలుస్తారు?

సిగ్నల్‌లోంచి ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం ఉండాల్సిన అలని తీసేసి ఏం మిగిలిందో చూస్తారు, ఉత్త నాయిస్ మిగిలితే లెక్క సరిపోయినట్టు. అసలు పరీక్ష అదే, "ఐన్‌స్టీన్ మళ్ళీ నెగ్గాడు" అని హెడ్డింగ్ పెట్టేవాళ్ళు ఈ ఒక్క ముక్క ఎప్పుడూ రాయరు, అదే నా బాధ.

నేను ఫిజిక్స్ వాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్. ఈ తరంగాల్ని పట్టే అమెరికా అబ్జర్వేటరీ లైగో డేటా ఎవరైనా ఫ్రీగా దింపుకోవచ్చని తెలిసి 2015 సెప్టెంబర్ 14 నాటి మొట్టమొదటి సిగ్నల్ తెచ్చుకుని కూర్చున్నా. ముందు గ్రాఫ్ వేస్తే అంతా నాయిసే. ఫిల్టర్ చేసి 35 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉంచాక కనపడింది, ఒక 0.2 సెకన్ల పాటు అలలు దగ్గర దగ్గరగా జరుగుతూ, ఎత్తు పెరుగుతూ వెళ్ళి ఠక్కున చల్లారిపోయాయి. లైగోకి హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ అని రెండు చోట్ల డిటెక్టర్లున్నాయి, వాటి దిశ, తరంగం చేరే సమయం వేరు కాబట్టి హాన్‌ఫర్డ్ గీతని తలకిందులు చేసి 7 మిల్లీసెకన్లు జరిపితే లివింగ్‌స్టన్ గీత మీద సరిగ్గా కూర్చుంది! తర్వాత సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం లెక్కగట్టిన అలని అందులోంచి తీసేశా. మిగిలిన గీతనీ, అంతకుముందు ఉన్న ఉత్త నాయిస్‌నీ పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే మా ఫ్రెండ్ చెప్పలేకపోయాడు.

"టెంప్లేట్‌తో (ముందే లెక్కగట్టి పెట్టుకున్న అలతో) వెతికితే టెంప్లేటే దొరుకుతుంది" అని కామెంట్లు పెడతారు కొంతమంది, వింటే ఒళ్ళు మండుతుంది. ఆ సిగ్నల్‌ని మొదట పట్టుకుంది ఏ టెంప్లేటూ వాడని సెర్చ్, అదీ డేటా వచ్చిన మూడు నిమిషాల్లోనే. పైగా ఇంకో పరీక్ష ఉంది, ఢీకొనక ముందు భాగం నుంచి చివర్లో మిగిలే బ్లాక్ హోల్ బరువు, స్పిన్ లెక్కేస్తారు, ఢీకొన్నాక వచ్చిన భాగం నుంచి విడిగా మళ్ళీ లెక్కేస్తారు, రెండూ కలవాలి. కలిశాయి, సూర్యుడికి దాదాపు 62 రెట్లు.

అలాగని అంతా అయిపోయినట్టు కాదు. నాయిస్ కంటే చిన్న తేడా ఉంటే ఆ సిగ్నల్‌లో కనపడదు. అందుకే 2025 జనవరి 14న వచ్చిన సిగ్నల్ నాకు చాలా ఇష్టం, మొదటిదాని కంటే మూడు రెట్లకు పైగా స్పష్టంగా ఉంది. రెండు హోల్స్ మొత్తం ఉపరితల వైశాల్యం సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లయితే కలిశాక సుమారు 4,00,000 అయింది, వైశాల్యం తగ్గకూడదని హాకింగ్ 1971లో చెప్పినట్టే.

ఇక సొంత గురుత్వ సిద్ధాంతాలు రాసేవాళ్ళకి నాదొకటే మాట: మీ సిద్ధాంతం ప్రకారం ఆ 0.2 సెకన్ల అల ఎలా ఉండాలో గీసి పెట్టండి, డేటాలోంచి తీసేసి చూద్దాం.