క్రాక్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాట మీద హక్కు మనకుంటుందా?

కడపలో ఇంట్లోనే రికార్డింగ్ గది పెట్టుకుని, క్రాక్ చేసిన (అంటే డబ్బు కట్టకుండా లైసెన్సు తాళం తీసేసిన) ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో భజనలు, ఉరుసుకు ఖవాలీలు చేసిచ్చి డబ్బు తీసుకుంటే ఏమవుతుందని అడిగారు.

పాట మీద హక్కు పోదు. మీరు కట్టిన బాణీ మీదే. చిక్కంతా ఆ సాఫ్ట్‌వేర్ కాపీతోనే. తెలిసీ దొంగ కాపీ వాడితే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసమో వ్యాపారంలోనో వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా, 50 వేలకు మించని జరిమానాతో వదలొచ్చు. మీరు డబ్బు తీసుకుంటున్నారు కదా, ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోకండి.

నన్నడిగితే పోలీసుల కంటే క్రాక్ ఫైలుతో వచ్చే వైరస్‌కే ఎక్కువ భయపడాలి.

అసలు క్రాక్ వాడాల్సిన అవసరం కూడా లేదు. పాటలు కట్టే ఎల్ఎంఎంఎస్, రికార్డింగ్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్లు ఉచితం, డబ్బు తీసుకునే పనికీ వాడుకోవచ్చు. రీపర్ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. తర్వాత మీలాంటి చిన్న స్టూడియోకు లైసెన్సు 60 డాలర్లు. ఎఫ్ఎల్ స్టూడియోనే కావాలంటే, ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. దాని ట్రయల్లో సేవ్ చేసిన ప్రాజెక్టు మాత్రం కొనేదాకా మళ్లీ తెరుచుకోదు.

భజనలన్నారు కాబట్టి ఇంకొక్క మాట. అన్నమయ్య సాహిత్యానికి కాపీరైట్ లేదు గానీ, ఈ కాలం వాళ్లు దానికి కట్టిన బాణీలకు ఉంటుంది. తాళ్లపాక మన పక్కనే అంటే కుదరదు.