ఎడమ చెవి పోయిన హెడ్‌సెట్, చేతిలో రెండున్నర వేలు

ప్రశ్న: అన్నా, గుంటూరులో బీటెక్ మూడో ఏడాది చదువుతున్నా, బ్రాడీపేటలో రూమ్. నా గేమింగ్ హెడ్‌సెట్ గుండ్రటి పిన్నుది. ఎడమవైపు సౌండ్ పోయింది, వైరు ఒకలా పట్టుకుంటే వస్తుంది, వదిలితే పోతుంది. చెవుల దగ్గర రెక్సిన్ కూడా పొరలుగా ఊడి బుగ్గలకి నల్లగా అంటుకుంటోంది. కొత్తదానికి నా దగ్గరున్నది 2,500. ఒక ఫ్రెండ్ వైర్‌లెస్ అంటాడు, ఇంకొకడు 7.1 సరౌండ్ (చుట్టూ స్పీకర్లున్నట్టు వినిపించేది) లేకపోతే దండగంటాడు. ల్యాప్‌టాప్‌లో వాలరెంట్, ఫోన్‌లో బీజీఎంఐ ఆడతా. రాత్రిళ్లు నేను అరుస్తున్నానని రూమ్మేట్‌తో రోజూ గొడవ. ఏది కొనమంటావు?

జవాబు: తమ్ముడూ, పాతదాన్ని అప్పుడే పారేయకు. పట్టుకుంటే వస్తోందని నువ్వే రాశావు, అంటే స్పీకర్ బాగానే ఉంది, లోపల తీగ తెగింది. ఇది ఎక్కువగా తెగేది రెండు చోట్ల, పిన్ను మొదట్లో, లేదంటే వైరు చెవి కప్పులోకి దూరే చోట. ఫోన్‌కి పెట్టి ఏదో ఒక పాట వేసి, ముందు పిన్ను దగ్గర మెల్లగా వంచి చూడు, తర్వాత కప్పు దగ్గర. ఎక్కడ కదిపితే గరగరమంటూ ఎడమవైపు పలుకుతుందో తెగింది అక్కడే. పిన్ను దగ్గరైతే రెండంగుళాలు కోసేసి కొత్త 3.5 ఎంఎం పిన్ను టంకం పెట్టించుకోవచ్చు, కాకపోతే మూడు నల్ల గీతలున్న పిన్నే అడుగు, రెండు గీతలది వేస్తే పాటలొస్తాయి, మైకు పోతుంది. ఆ సన్నటి తీగలకి ఎనామిల్ పూత ఉంటుంది, దాన్ని కాల్చకుండా అంటిస్తే టంకం పట్టదు, అందుకే మొదటిసారి ఇంట్లో ప్రయోగాలు చేయకుండా సెల్ రిపేరు షాపుకి తీసుకెళ్లు. కుషన్లు జతగా విడిగా దొరుకుతాయి, స్కేలుతో పొడవు, వెడల్పు కొలుచుకుని బట్టవి తీసుకో. ఇంతా కలిపి కొత్త హెడ్‌సెట్ ధరలో చిన్న ముక్క కూడా కాదు.

అది కుదరలేదు, లేదా దాని మీద నీకు మనసు విరిగిపోయింది అనుకుందాం. వైర్‌లెస్ మాట మర్చిపో. నీ డబ్బుకి వచ్చేవి చాలావరకు బ్లూటూత్‌వే, మామూలు బ్లూటూత్‌లో శబ్దం 100, 200 మిల్లీ సెకన్లు వెనకబడుతుంది, పాటలకి తెలియదు గానీ మూల మీద ఎవడో తిరిగాడంటే నువ్వు వినేసరికి నీ పని అయిపోయి ఉంటుంది. పైగా ల్యాప్‌టాప్‌లో మైకు ఆన్ చేయగానే అది ఫోన్ కాల్ మోడ్‌లోకి దిగిపోతుంది, ఎడమ కుడి తేడా లేకుండా రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రిసీవర్) వచ్చేవాటికి ఈ బాధ లేదు, కాకపోతే వాటిలో మంచివి నీ బడ్జెట్ దాటిపోతాయి.

7.1 సంగతి. ఈ ధరలో ఏ పెట్టె మీద 7.1 అని రాసున్నా లోపలుండేది చెవికొక స్పీకరే, మిగతాదంతా సాఫ్ట్‌వేర్. ఆ పని వాలరెంట్ తనే చేస్తుంది, ఆడియో సెట్టింగ్స్‌లో హెచ్ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది, చప్పుడు ఎటునుంచో చెవికి తెలిసేలా చేసేది అదే, అది ఆన్ చేసి, విండోస్‌లో ఉండే సరౌండ్ ‘విండోస్ సోనిక్’ గానీ హెడ్‌సెట్‌తో వచ్చిన సరౌండ్ గానీ ఆపేయ్. రెండూ కలిపి పెడితే పులుసు కూరలో మళ్లీ నిమ్మకాయ పిండినట్టే, అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో అసలు తెలియదు. హెడ్‌సెట్ మీద వెలిగే లైట్ల గురించి ఒక్క మాట, తలకి పెట్టుకున్నాక అవి నీకు కనపడవు, నీ రూమ్మేట్‌కి కనపడతాయి, వాటి కోసం ఒక యూఎస్‌బీ పోర్టు కూడా పోతుంది.

నన్నడిగితే అసలు పెద్ద కప్పులున్నది వద్దు. గుంటూరులో మే నెలలో, ఫ్యాను కింద, రెక్సిన్ కుషన్లు చెవులకి నొక్కుకుని రెండు గంటలు కూర్చుంటే ఏమవుతుందో నీ బుగ్గల మీద నలుపే చెబుతోంది. కేజెడ్ ఈడీఎక్స్ ప్రో లాంటి మైకున్న ఇన్‌ఇయర్ వైరువి వెయ్యికి అటూ ఇటూగా దొరుకుతున్నాయి. వాటిలో దిశ బాగా తెలుస్తుంది, చెమట గొడవ లేదు, అన్నిటికన్నా నాకు నచ్చేది ఏంటంటే వైరు ఊడొస్తుంది, రేపు మళ్లీ తెగితే వైరొక్కటే మార్చుకుంటావు. మైకు మాత్రం నోటి ముందుకి వచ్చే బూమ్ మైకంత బాగుండదు, ఫ్యాను హోరు కూడా పట్టేస్తుంది, మాట్లాడుకునే యాప్ డిస్కార్డ్‌లో చుట్టుపక్కల చప్పుడు తీసేసే క్రిస్ప్ ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నీ ఫోన్‌కి గుండ్రటి పోర్టు లేకపోతే గుండ్రటి పిన్నుని టైప్ సి పోర్టుకి కలిపే డాంగిల్ కావాలి, కొనేటప్పుడు మైకు పనిచేస్తుందో లేదో అడిగి మరీ తీసుకో. మిగిలిన డబ్బు జేబులోనే ఉండనీ.

లేదన్నా, నాకు తలకి పెట్టుకునేదే కావాలంటావా? కాస్మిక్ బైట్, రెడ్‌గేర్‌లలో నీ డబ్బుకి ఉన్నాయి, హైపర్‌ఎక్స్ స్టింగర్ రకాలు ఆఫర్లలో కిందికి దిగుతుంటాయి, తొందర లేకపోతే కనిపెట్టుకుని ఉండు. బరువు 300 గ్రాముల లోపు ఉండాలి. షాపులో అయితే పెట్టుకుని పది నిమిషాలు అక్కడే నిలబడు, కళ్లజోడుంటే కళ్లజోడుతోనే, వాళ్లు విసుక్కున్నా సరే. ఏడాది వారంటీ అన్నారని వైరు తెగినా మారుస్తారనుకోకు, దాన్ని ఫిజికల్ డ్యామేజ్ అనేసి తోసేస్తారు.

ఇక అరుపులు. చెవులు రెండూ మూసుకుపోతే మన గొంతు మనకి వినపడక తెలియకుండానే పెంచేస్తాం. ఖరీదైనవాటిలో సైడ్‌టోన్ అని ఉంటుంది, నీ మాట నీకే కాస్త వినిపిస్తుంది. నీ రేంజ్‌లో అది దొరకడం కష్టం, విండోస్‌లో ఉన్న ‘లిజన్’ ఆప్షన్‌తో మాట ఆలస్యంగా వచ్చి నత్తి పుడుతుంది. రాత్రి పదకొండు దాటితే ఒక చెవి కొంచెం వదులు చేసుకుని ఆడు, రెండు పాయింట్లు పోతే పోయాయి.

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఆరో తరగతి చదివే మా అబ్బాయి గేమింగ్ హెడ్‌సెట్ కావాలని ఒకటే పోరు. కొనిస్తే చెవులు పాడవుతాయని భయంగా ఉందండీ.

జవాబు: చెవులు పాడుచేసేది హెడ్‌సెట్ కాదమ్మా, దాని సౌండూ, పెట్టుకున్న గంటలూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకి చెప్పే లెక్క 75 డెసిబెల్స్ మించకుండా వారానికి 40 గంటలు, సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు చకచకా తగ్గిపోతాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లిమిట్ ఉంటే పెట్టేయండి, దానికి పిన్ కూడా పెట్టనిస్తే పెట్టి వాడికి చెప్పకండి. హెడ్‌సెట్‌లో ఉన్నవాణ్ని చెయ్యి చాచినంత దూరం నుంచి మామూలుగా పిలవండి, పలకలేదంటే సౌండ్ ఎక్కువైనట్టే (ఆటలో మునిగి పలకకపోవడం వేరే సంగతి, రెండోసారి కూడా పిలిచి చూడండి). చెవిలో గుయ్‌మంటోందని అన్నా, ఉన్నట్టుండి టీవీ సౌండ్ పెంచమంటున్నా ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.