పచ్చళ్ల వ్యాపారానికి ఈమెయిల్ జాబితా ఎలా తయారుచేసుకోవాలి?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం, ఈమెయిల్ అడ్రసులు డబ్బిచ్చి కొనవచ్చా, లేక మరో దారి ఉందా అని అడిగారు.

దయచేసి కొనకండి. మీ పేరే ఎరగనివాళ్లు మీ మెయిల్ చూడగానే స్పామ్ అని నొక్కుతారు. ఆ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ చెబుతోంది. అంటే వెయ్యి మెయిళ్లకు ముగ్గురు నొక్కితే చాలు. ఆ తర్వాత ఇష్టపడి చేరినవాళ్లకు పంపినవి కూడా స్పామ్‌లోకే పోవచ్చు.

మీ మొదటి వందమంది ఇప్పటికే మీ దగ్గర కొన్నవాళ్లలోనే ఉన్నారు. ఆర్డర్ పేజీలో "కొత్త ఆవకాయ కలిపిన రోజు మెయిల్ పంపమంటారా?" అని ఒక గడి పెట్టండి. టిక్కు వాళ్లే పెట్టాలి, మీరు ముందే పెట్టి ఉంచొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోరేది కూడా అలాంటి స్పష్టమైన సమ్మతినే. పార్సిల్‌లో క్యూఆర్ కోడ్ ఉన్న చీటీ వేయండి. చేరినవాళ్లకు, నా ఉద్దేశంలో, తగ్గింపు ధర కంటే పనికొచ్చే మాట ఇవ్వడం మంచిది: జాడీలో తడి గరిటె ఎందుకు పెట్టకూడదు, పైన నూనె తేలకపోతే బూజు ఎందుకు పడుతుంది, అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేటప్పుడు సీసా ఎలా కట్టాలి.

అడ్రసు ఇచ్చాక నిర్ధారణ లింకు పంపితే తప్పుగా కొట్టినవి వడపోతలో పోతాయి. సొంత డొమైన్ (మీ పేరుతో తీసుకున్న వెబ్ చిరునామా) నుంచే పంపండి, దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్ అమర్చుకోండి; మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే అమరికలు అవి. ప్రతి మెయిల్‌లో జాబితా నుంచి తప్పుకునే లింకు కనబడేలా ఉండాలి.

వారం వారం రాయనక్కర్లేదు. వేసవిలో మామిడికాయ, చలికాలంలో ఉసిరికాయ వచ్చినప్పుడు రాస్తే ఎదురుచూసి తెరుస్తారు.