మాంగా ముఖం మీద ఆ చారలెందుకు?

ప్రశ్న: ఏడాదిగా మాంగా, అంటే జపాన్ కామిక్స్ తరహా, బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. ఈ మధ్య నాన్నగారు 24 ఆల్కహాల్ మార్కర్ల పెట్టె కొనిచ్చారు. స్కెచ్ పెన్నులతో ఎన్నడూ ఎరుగని చిక్కులన్నీ ఇప్పుడు వచ్చిపడ్డాయి. ముఖానికి రంగు వేస్తే చారలు పడుతున్నాయి, జుట్టు రంగు గీత దాటి చెంప మీదికి పాకుతోంది, నల్ల గీతలు చెదురుతున్నాయి, వెనక పేజీ కూడా పాడవుతోంది. ఇంకా పెద్ద పెట్టె కొనుక్కోవాలా?
– ఇంటర్ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: పెద్ద పెట్టె అక్కరలేదు. మీరు చెప్పిన నాలుగింటిలో మూడింటికి కాగితమూ, గీతలకు వాడిన సిరా కారణం. చారలకు మాత్రం చేతి వేగం కారణం.

స్కెచ్ పెన్నులో రంగును మోసేది నీరు కనుక అది నెమ్మదిగా ఆరుతుంది, పైపైన రుద్దితే కాగితం నూగు లేస్తుంది. ఆల్కహాల్ అలా కాదు. కాగితపు పోగుల్లోకి వెంటనే ఇంకి, క్షణాల్లో ఆవిరైపోతుంది కనుక కాగితం చిరగదు గాని, ఇంకేటప్పుడు అన్ని వైపులా పాకుతుంది. గరుకు డ్రాయింగ్ షీటు దానిని అద్దుడు కాగితంలా తాగేస్తుంది. మార్కర్ల కోసమే చేసిన కాగితం దొరకకపోతే, ప్రింటింగ్ ప్రెస్సులవారు శుభలేఖలకు వాడే నున్నటి ఐవరీ కార్డు, 200 జీఎస్ఎంకు (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పైబడినది, అడిగి తెచ్చుకోండి. రంగు అటువైపు దిగడం దానితోనూ పూర్తిగా ఆగదు కాబట్టి అడుగున పనికిరాని కాగితం ఒకటి ఉంచి, గీతకు వెంట్రుకవాసి ఇవతలే మొనను ఆపితే, మిగిలిన దూరం రంగు తానే పాకి చేరుకుంటుంది.

బాల్ పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పిగ్మా మైక్రాన్ వంటి పిగ్మెంట్ సిరా పెన్నుతో గీసి, బాగా ఆరనిచ్చి, పెన్సిలు గుర్తులు చెరిపాకే రంగుకు పూనుకోండి; రంగు కింద చిక్కిన పెన్సిలు గీత ఇక చెరగదు, లేత రంగు మొనను కూడా మురికి చేస్తుంది. ఇంతకంటే తెలివైన ఉపాయం జెరాక్స్. జపాన్‌లో 1987లో వచ్చిన కాపిక్ మార్కర్లకు ఆ పేరే కాపీ యంత్రాన్ని బట్టి వచ్చింది. జెరాక్స్ నలుపును కరిగించని సిరాగా వాటిని తయారుచేశారు. మీ గీతల బొమ్మను ఐవరీ కార్డు మీదికి జెరాక్స్ తీయించుకుంటే, రంగు చెడినా అసలు బొమ్మ భద్రంగా ఉంటుంది. మీ పెట్టె వేరే కంపెనీదైతే ముందు ఒక మూల పరీక్షించుకోండి.

ఇక చారల సంగతి. ఆరిన అంచు మీదికి తడి రంగు వచ్చి కలిసినచోట రెండు పూతలు పడి చార ముదురుతుంది. అందుచేత ముఖాన్ని మధ్యలో ఆపకుండా, నుదుటి నుంచి గడ్డం దాకా చిన్న చిన్న చుట్లుగా, తడి అంచును వెంట తీసుకుపోతూ ఒక్క దఫాలో ముగించాలి. ఉక్కపోతగా ఉన్నా సరే, ఆ రెండు నిమిషాలు ఫ్యాను ఆపేయండి, ఎందుకంటే గాలి తగిలితే అంచు మరీ త్వరగా ఆరిపోతుంది. తరువాత కిటికీ తెరిచి గాలి ఆడనివ్వడం మంచిది. నీడకు అదే వర్గంలో రెండు మూడు మెట్లు ముదురు రంగు వేసి, అది తడిగా ఉండగానే లేత మార్కరుతో సరిహద్దును మళ్ళీ రుద్దితే రెండూ కలిసిపోతాయి. రంగులేని బ్లెండర్ పెన్ను చెరిపే రబ్బరు కాదు. అది రంగును పక్కకు నెడుతుంది, అంతే.

ప్రశ్న: నా కథానాయిక మన ఊరి అమ్మాయి, చామనఛాయ, పొందూరు ఖద్దరు తెల్లచీర కట్టుకుంటుంది. పెట్టెలోని 'స్కిన్' రంగు వేస్తే గులాబిపువ్వులా తేలుతోంది. తెల్లచీరకు ఏ రంగు వేయాలి?
– ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ఆ గులాబి మార్కరును పక్కన పెట్టేయండి. కాపిక్ మార్కర్ల మీది సంకేతాల్లో అక్షరం రంగు వర్గాన్ని, మొదటి అంకె రంగు ఎంత మసకబారిందో, చివరి అంకె ఎంత ముదురో చెబుతాయి; మట్టిరంగులు 'ఈ' (E) వర్గం. ఈ33తో మొదలుపెట్టి ఈ35తో నీడ వేసి, మెడ కిందా జుట్టు కిందా ఈ37 అద్దితే చామనఛాయ చక్కగా పలుకుతుంది. నీడకు నలుపు గాని బూడిదరంగు గాని కలపవద్దు, ముఖం జబ్బు పడినట్టు కనిపిస్తుంది. అవసరమైతే ముందుగా లేత ఊదా పూసి, దానిపై మట్టిరంగు వేయండి.

చీరకు తెలుపు వేయడం కాదు, కాగితాన్ని వదిలేయడమే పని. మడతల్లో మాత్రం చల్లని బూడిదరంగులో బాగా లేతది, సీ1 (C1), చాలు. పొందూరు ఖద్దరు సన్నని నూలుది కాబట్టి మడతలు కూడా సన్నగా, ఎక్కువగా పడతాయి; మందపాటి గుడ్డలా రెండు మూడు పెద్ద మడతలు గీస్తే అది దుప్పటి అవుతుంది. కంట్లో మెరుపుచుక్కను మాత్రం అన్నీ ఆరాక తెల్ల జెల్ పెన్నుతో పెట్టండి.

ప్రశ్న: మార్కర్లను ఎలా నిలువచేయాలి? గోడకు తగిలించిన బొమ్మ వెలిసిపోయింది.
– బొబ్బిలి

జవాబు: రెండు వైపులా మొనలున్నవాటిని పడుకోబెట్టండి, లేకుంటే పైమొన ఎండుతుంది. మూత టక్కుమనేదాకా బిగించి, ఎండకూ పొయ్యికీ దూరంగా ఉంచండి. ఈ రంగులు వెలుతురుకు వెలిసిపోయేవే. నచ్చిన బొమ్మను ముందే స్కాన్ చేయించి, ఆ ముద్రణను గోడకు తగిలించి, అసలుదాన్ని ఫైలులో దాచుకోండి.